సూర్యునిలోని సూదంటురాయి



బూర్గంపాడు ప్రాంతమువారికి గోదావరి వరదను గూర్చి నేను క్రొత్తగ చెప్పవలసినదేమియు లేదు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టులో నది 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. వాన ఎక్కడనో ఎగువను గురియును. ముంపు మన గుమ్మము కడకు వచ్చును. ఈ రెంటి నడుమ దొరకు వ్యవధియే మనుష్యులను, గొడ్లను, గింజలను కాపాడుచున్నది. నేడు నేను చెప్పబోవునది సూర్యునినుండి వచ్చు వరదను గూర్చి. దానికిని ఎగువ దిగువలు కలవు. దానికిని హెచ్చరిక కావలసియున్నది.

1859 సెప్టెంబరు 1వ తేది ఉదయమున ఇంగ్లండులో కారింగ్టన్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, దూరదర్శినిద్వారా తెరపై పడిన సూర్యబింబమును జూచి, అందలి మచ్చలను కాగితముపై చిత్రించుచుండెను. ఒక పెద్ద మచ్చలగుంపులో హఠాత్తుగ రెండు తెల్లని వెలుగులు మెఱసి, సుమారు అయిదు నిమిషములలో అణగిపోయెను. పదునెనిమిది గంటలైనను గడువకమునుపే భూమియందలి అయస్కాంతపు సూదులు చలింపసాగెను. మన దేశమున బొంబాయి కొలాబా పరిశోధనాలయములోని సూదులును ఆ చలనమును పట్టియిచ్చినవి. అమెరికాలో తంతి తీగెలయందు విద్యుత్తు దానంతట అదియే పాఱుటచే, బ్యాటరీలు తొలగించియు వార్తలు పంపగలిగిరి.

సూర్యునిలోని మెఱపునకును, ఇక్కడి సూదికిని సంబంధమేమి? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు అమెరికాలోని హేల్ పండితుడు. సూర్యకాంతిని గాజుపట్టకముగుండ పోనిచ్చిన ఇంద్రధనుస్సువలె రంగులు విడిపోవును. ఆ రంగుల నడుమ సన్నని నల్లగీతలు కానవచ్చును. వెలుగు పుట్టుచోట బలమైన అయస్కాంతమున్నచో ఒక్కొక్క గీత రెండుగనో మూడుగనో చీలునని హాలండు దేశస్థుడు జీమన్ 1896లో కనుగొనెను. 1908లో హేల్, సూర్యుని మచ్చలనుండి వచ్చిన వెలుగులో ఆ చీలికనే చూచెను. అనగా ప్రతి మచ్చయు ఒక మహా అయస్కాంతము! దాని బలము మన దిక్సూచిని త్రిప్పు భూమి బలమునకు కొన్నివేల రెట్లు.

మచ్చ నల్లబడుటకును ఇదియే కారణము. పొయ్యిమీది ఎసరు కాగునపుడు అడుగునీరు పైకి పొరలి వేడిమిని తెచ్చును గదా. సూర్యునిలోని వాయువులును అట్లే పొరలుచుండును. అయస్కాంతబలము మిక్కుటమైనచోట ఆ పొరలుట నిలిచిపోవును. వేడిమి పైకి రాదు. చుట్టును 5,500 డిగ్రీల వేడి యుండగా మచ్చ నడుమ 4,000 డిగ్రీల ప్రాంతమున నుండును. ఆ తేడాచేతనే మనకది నల్లగ తోచును.

ఇక జ్వాల మాట. సూర్యుడు భూమివలె గట్టిముద్ద కాడు. అతని నడిమిభాగము సుమారు 25 దినములకొకమాఱు తిరుగగా, ధ్రువభాగములకు ముప్పదియైదు దినముల వఱకు పట్టును. ఇట్లు వేఱువేఱు వేగములతో తిరుగు వాయువులు తమతోడ అయస్కాంతరేఖలను ఈడ్చుకొనిపోయి, మోకును పేనినట్లు పేనుచుండును. పేనినకొలది వానిలో శక్తి కూడును. తుదకు ఎదురెదురు దిక్కుల రేఖలు ఒకదానినొకటి తాకి, తెగి, మఱియొక విధముగ అతుకుకొనును. దినములకొలది కూడిన శక్తి నిమిషములలో బయటపడును. అదియే సూర్యజ్వాల.

మన తెలుగునాటికి ఈ విద్యతో పాత చుట్టఱికము కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమునాడు ఫ్రెంచి పండితుడు జాన్సెన్ గుంటూరునుండి సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని శిఖలను పరీక్షించి, అవి మండు వాయువులని తేల్చెను. గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని మఱునాడే కనుగొనెను. ఆ శిఖలను ఆకాశమున నిలిపి పట్టునది అయస్కాంతబలమే యని పిదప తెలిసినది. 1909లో కొడైకెనాలు పరిశోధనాలయమున ఎవర్‌షెడ్, మచ్చలయందు వాయువులు నడుమనుండి వెలుపలికి ప్రవహించుచున్నవని చూపెను. నూఱేండ్లకు పైబడిన సూర్యుని చిత్రములు నేడును అచ్చట భద్రముగనున్నవి.

జ్వాలవలన మనకు వచ్చు కీడు రెండు విధములు. మొదటిది వెలుగుతోడనే వచ్చును. కంటికి కానరాని ఎక్స్‌కిరణములు ఎనిమిది నిమిషములలో భూమిని జేరి, పగటివైపున ఆకాశపు పైపొరలను మార్చును. అపుడు దూరదేశపు పొట్టి అలల రేడియో మూగవోవును. దీనికి ముందు హెచ్చరిక యుండదు. రెండవది వెనుక వచ్చు వరద. పెద్ద జ్వాలలతో తఱచుగ విద్యుత్కణముల మేఘమొకటి తన అయస్కాంతమును మోసికొని బయలుదేఱును. అది మనవైపు వచ్చినచో ఒకటినుండి మూడు నాలుగు దినములలో చేరును. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో ఇట్టి వరదవలననే విద్యుత్తు నిలిచి, అఱువది లక్షలమంది తొమ్మిది గంటలు చీకటిలో నుండిరి.

ఈ వరదకు ఎగువ కొలతబద్ద పెట్టుటకే మనవారు 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి ఆదిత్య నౌకను పంపిరి. అది 2024 జనవరి 6న, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున సూర్యుని వైపున నున్న తన తావును చేరెను. అయిదవ నెలలోనే పరీక్ష వచ్చినది. మే 10, 11 తేదీల మహా అయస్కాంత తుపానును అది నమోదు చేసెను. ఆ రాత్రి లడఖులోని హాన్లే ఆకాశము ఎఱ్ఱబాఱినది.

అయినను ఒక మాట దాచరాదు. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరమున నున్నాడు. మన కొలతబద్ద ఆ దారిలో నూఱవ వంతున మాత్రమే యున్నది. మేఘములోని అయస్కాంతము భూమి అయస్కాంతమునకు ఎదురైనచో తలుపు తెఱచుకొని లోనికి చొచ్చును. అనుకూలమైనచో చాలవఱకు ప్రక్కకు తొలగిపోవును. ఆ దిక్కు రూఢిగ తెలియుటకు మేఘము కొలతబద్దను తాకవలెను. అప్పటికి మిగులు వ్యవధి ఒక గంట, లేక అంతకును తక్కువ. మచ్చలలో ముడి ఎట్లు పడుచున్నదో చూచి, తెగకమునుపే చెప్పగలుగుటయే శాస్త్రజ్ఞుల నేటి పూనిక.

జ్వాలకు పైరు మాడదు, నేలమీది మనిషికి హాని లేదు, భయపడ పనిలేదు. భూమధ్యరేఖకు దగ్గఱనుండుటచే మనకు కీడు ఉత్తరదేశములకంటె తక్కువ. కాని తుపాను మేఘముల చిత్రములు పంపునది ఉపగ్రహము. మోటారు నడుపునది విద్యుత్తు. సూర్యుని వరద తాకునది వీనినే. కావున గోదావరి కొలతబద్దను చూచువానిని మనమెట్లు గౌరవింతుమో, సూర్యుని మచ్చలను కావలి కాయువానిని గూడ అట్లే గౌరవింపవలెను. అద్దములు లేక సూర్యుని చూడవలదని పిల్లలకు చెప్పుడని కోరుచు, సెలవు గైకొనుచున్నాను.