సైన్యం తిరిగొచ్చాక అక్కడ మిగిలేదెవరు?

1990 మార్చి 24న శ్రీలంకలోని త్రికోణమలై రేవు నుంచి భారత శాంతి పరిరక్షక దళంలో చివరి జట్టు ఓడ ఎక్కింది. అక్కడ అడుగుపెట్టి అప్పటికి రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. దాదాపు 1,200 మంది జవాన్లు ప్రాణాలతో తిరిగి రాలేదు. గాయపడ్డవాళ్ళు మూడు వేలకు పైనే. మద్రాసు చేరిన దళానికి ఎదురెళ్ళి స్వాగతం చెప్పడానికి ఆనాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి ఇష్టపడలేదు. స్వతంత్ర భారతదేశం పరాయి గడ్డ మీద ఇంత పెద్ద సైన్యాన్ని ఇంత కాలం ఉంచిన సందర్భం మరొకటి లేదు.

పెద్దమందడిలో సాంఘిక శాస్త్రం టీచరుగా పనిచేసిన రోజుల్లో ఈ కథను పాఠం పక్కన పెట్టి మరీ చెప్పేవాణ్ణి. నా ఎదుట కూర్చున్న పిల్లల్లో కొందరు మిలిటరీకి పోవాలని తెల్లారకముందే రోడ్డెంట ఉరికేవాళ్ళు. ఇప్పుడూ ఉరుకుతున్నారు. వర్షం మీద ఆధారపడ్డ పల్లి చేను, లేదంటే వలస, కాదంటే మిలిటరీ. పాలమూరు పిల్లల ముందు చాలాకాలం ఉన్న దారులివే. కొడుకును పటాలానికి పంపే తల్లిదండ్రులకు ఆ కొడుకును ఏ దేశానికి, ఏ పని మీద పంపుతారో, ఎప్పుడు వెనక్కి పిలుస్తారో అడిగే హక్కు ఉంది. ఆ హక్కు కోసమే ఈ వ్యాసం.

సికింద్రాబాద్ నుంచి జాఫ్నాకు

1983 జూలైలో శ్రీలంకలో తమిళుల మీద భయంకరమైన దాడులు జరిగాయి. వేలాది మంది పడవల్లో రామేశ్వరం చేరుకున్నారు. ఆ తరువాతి ఏళ్ళలో తమిళ సాయుధ సంస్థలకు మన దేశమే శిక్షణ, ఆయుధాలు ఇచ్చింది. 1987 నాటికి జాఫ్నాను శ్రీలంక సైన్యం చుట్టుముట్టింది. జూన్ 4న మన వాయుసేన విమానాలు ఆ పట్టణం మీద ఆహారం, మందులు జారవిడిచాయి. జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళులు ఎక్కువగా ఉన్న ఉత్తర, తూర్పు ప్రాంతాలకు స్వపరిపాలన ఇవ్వాలి, సాయుధ సంస్థలు ఆయుధాలు అప్పగించాలి, ఆ పని సవ్యంగా జరిగేలా భారత సైన్యం చూడాలి. ఒప్పందం సారాంశం అదే. మరునాడు సైనిక వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో దాడి చేశాడు. ఆ దేశంలో ఈ ఒప్పందం మీద ఎంత కోపం ఉందో ఆ దెబ్బే చెప్పింది.

జాఫ్నాలో మొదట దిగిన 54వ పదాతి డివిజన్ మన సికింద్రాబాద్‌ది. వెళ్ళిన సైనికులకు దండలు వేసి, హారతులు ఇచ్చి తమిళులు స్వాగతం చెప్పారు. కొన్ని వారాల్లో ఆయుధాలు తీసుకొని ఇంటికి రావచ్చని అధికారులు అనుకున్నారు.

గెట్టు పంచాయితీ తెంపడానికి పోయిన పెద్దమనిషి చివరకు తానే కట్టె పట్టుకొని ఒక అన్నదమ్ముడి మీద పడితే ఎట్లుంటుందో, అక్కడ అట్లే అయింది. తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ, అంటే పులులు, కొన్ని ఆయుధాలు అప్పగించి మిగతావి దాచుకుంది. సెప్టెంబర్ 26న దిలీపన్ అనే పులుల నాయకుడు నిరాహార దీక్షలో చనిపోయాడు. అక్టోబర్ 5న శ్రీలంక సైన్యం అదుపులో ఉన్న 12 మంది పులులు సైనైడ్ మింగి చనిపోయారు. ఆ వారంలోనే భారత సైన్యానికి, పులులకు యుద్ధం మొదలైంది. అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిక్కు లైట్ ఇన్‌ఫెంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కరు బందీగా దొరికారు. నవంబర్ 25న మేజర్ రామస్వామి పరమేశ్వరన్ నేలకొరిగారు. ఆయనకు మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు.

ఇంకొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఆ అక్టోబర్‌లో, దీపావళి రోజుల్లో, జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడిన మన సైనికుల కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు అరవై మందికి పైగా చనిపోయారు. హారతి పట్టిన చేతులే ఆ తరువాత మన సైన్యాన్ని శపించాయి. మన జవాన్ల త్యాగాన్ని గౌరవించేవాళ్ళం ఈ నిజాన్నీ ఒప్పుకోవాలి. కాపాడడానికి వెళ్ళిన సైన్యం ఎవరితో ఎందుకు పోరాడుతోందో స్పష్టత లేనప్పుడు, దాని భారం సామాన్యుల మీదే పడుతుంది.

ఉండాలా, రావాలా?

1989 జనవరిలో రణసింఘె ప్రేమదాస శ్రీలంక అధ్యక్షుడయ్యారు. భారత సైన్యాన్ని పంపించేస్తానని చెప్పి గెలిచిన మనిషి. జూన్ 1న బహిరంగంగా గడువు పెట్టారు, జూలై 29 కల్లా మీ సైన్యం వెళ్ళిపోవాలని. ఒప్పందంలో మాకిచ్చిన మాట సంగతేమిటని ఢిల్లీ అడిగింది. అప్పుడు విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావు. చర్చల మీద చర్చలు జరిగాక సెప్టెంబర్ 18న అవగాహన కుదిరింది. దాడులు ఆపుతాం, ఏడాది చివరికి వచ్చేస్తాం అన్నది దాని సారం. నవంబర్‌లో మన దగ్గర ఎన్నికలొచ్చాయి.

ఆ ఎన్నికలంటే మా ప్రాంతం వాళ్ళకు ఈనాటికీ గుర్తున్నది కల్వకుర్తి. ఎన్టీఆర్ అంతటివాడు అక్కడ చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడిపోయారు. ఆయన చైర్మన్‌గా ఉన్న నేషనల్ ఫ్రంట్ మాత్రం ఢిల్లీలో అధికారంలోకి వచ్చింది. వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు, మిగిలిన సైన్యాన్ని 1990 మార్చిలో వెనక్కి రప్పించారు. ఊళ్ళో మనం వేసిన ఓటు సముద్రం అవతల ఉన్న జవాను ఎప్పుడు ఇంటికి రావాలో కూడా తేల్చింది. ఆ సంగతి అప్పట్లో మా రచ్చకట్ట మీద ఎవరూ మాట్లాడినట్టు గుర్తులేదు.

ఆనాటి వాదనలు రెండు వైపులా బలంగానే ఉన్నాయి. ఉండాలన్నవాళ్ళు ఇట్లా అన్నారు: శ్రీలంక ఉత్తర, తూర్పు ప్రాంతాల మండలికి 1988 నవంబర్‌లోనే ఎన్నికలు జరిగాయి. వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రిగా ఉన్న ఆ ప్రభుత్వానికి అధికారాలు ఇంకా అందలేదు. ఇప్పుడు వస్తే ఒప్పందం కాగితం మీదే మిగిలిపోతుంది. మనల్ని నమ్మి ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళను పులులు బతకనివ్వవు.

రావాలన్నవాళ్ళు ఇట్లా అన్నారు: పిలిచిన దేశమే పొమ్మంటున్నప్పుడు ఉంటే అది ఆక్రమణ అవుతుంది. తమిళులూ మనకు దూరమయ్యారు. సింహళ ప్రాంతంలో జేవీపీ అనే సంస్థ చేసిన తిరుగుబాటుకు మన సైన్యమే సాకైంది. పులులతో పోరాడమని పంపుతున్నాం, గెలవడమంటే ఏమిటో మాత్రం చెప్పడం లేదు. రోజూ శవపేటికలు వస్తున్నాయి.

నా తీర్పు రెండో వైపుకే. 1989లో అక్కడ ఉండడానికి మనకు ధర్మబద్ధమైన కారణం మిగలలేదు. అయితే మొదటి వైపు వాళ్ళు వెలిబుచ్చిన భయం అక్షరాలా నిజమైంది. దానికి మనం సిద్ధపడకపోవడమే ఈ కథలో అసలు విషాదం.

వచ్చేశాక ఏం జరిగింది?

సైన్యం వెళ్ళిపోతుందని తెలిశాక, పెరుమాళ్ పార్టీ ఈపీఆర్ఎల్ఎఫ్ తమిళ జాతీయ సైన్యం పేరుతో ఒక దళాన్ని నిలబెట్టింది. దాని వెనక మన అండ ఉంది. అందులోకి యువకులను, స్కూలు వయసు పిల్లలను సైతం, రోడ్ల మీద పట్టుకొని బలవంతంగా చేర్చారు. మన సైన్యం ఒక్కొక్క జిల్లా ఖాళీ చేస్తూ వెనక్కి వస్తుంటే ఆ దళం అక్కడికక్కడే చెల్లాచెదురైంది. ఆ పిల్లల్లో ఎందరో చనిపోయారు, వాళ్ళ తుపాకులు పులుల చేతికి చిక్కాయి. పెరుమాళ్ మార్చిలోనే ద్వీపం విడిచి భారతదేశానికి వచ్చేశారు. జూన్ 19న ఆ పార్టీ నాయకుడు పద్మనాభను, ఆయనతో పాటు మరికొందరిని మద్రాసు నడిబొడ్డున పులులు కాల్చి చంపారు.

భారత సైన్యాన్ని వెళ్ళగొట్టడానికి ప్రేమదాస ప్రభుత్వం పులులకు రహస్యంగా ఆయుధాలు ఇచ్చింది. మన సైన్యం వచ్చేశాక ఆ స్నేహం మూడు నెలలైనా నిలవలేదు. 1990 జూన్‌లో మళ్ళీ యుద్ధం మొదలైంది. తూర్పు ప్రాంతంలో లొంగిపోయిన వందలాది పోలీసులను పులులు చంపారు. అక్టోబర్‌లో ఉత్తర ప్రాంతంలోని ముస్లింలను ఇళ్ళ నుంచి వెళ్ళగొట్టారు. లక్షకు పైగా తమిళులు కాందిశీకులై తమిళనాడు చేరారు. 1993 మే 1న ప్రేమదాస కూడా పులుల ఆత్మాహుతి దాడిలోనే చనిపోయారు.

అంతకు ముందు, 1991 మే 21న, రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకొని మద్రాసు వెళ్ళి, అక్కడి నుంచి శ్రీపెరంబుదూరు చేరారు. అక్కడ పులుల ఆత్మాహుతి దాడిలో హతమయ్యారు. ఆయన తిరిగి అధికారంలోకి వస్తే సైన్యం మళ్ళీ వస్తుందన్న భయం ఆ హత్యకు ఒక కారణమని దర్యాప్తులో తేలింది. నెల తిరిగేసరికి పి.వి. ప్రధాని అయ్యారు. శ్రీలంక యుద్ధం మాత్రం 2009 మే వరకు సాగింది.

రావడంలోనూ తేడాలుంటాయి

2021 ఆగస్టు 15న కాబూల్ తాలిబన్ల చేతికి చిక్కింది. విమానాన్ని పట్టుకొని వేలాడే మనుషులను ఫోన్లలో చూసి, నా పాత విద్యార్థులు ఇంటికొచ్చి అడిగారు: “గంత పెద్ద అమెరికా గిట్ల ఇడిసిపెట్టి పోయిందేంది సారూ? ఆళ్ళను నమ్మినోళ్ళ గతేంది?” వాళ్ళకు నేను చెప్పిన ఉదాహరణలే ఇక్కడా చెబుతాను.

1971 డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 మార్చి 12న అక్కడే మన సైన్యం వీడ్కోలు కవాతు చేసింది. మూడు నెలల్లోపే వచ్చేశాం. వెళ్ళిన పని ఏమిటో తెలుసు, ఆ పని అయింది, ప్రజలు నమ్మిన ప్రభుత్వం అక్కడ పగ్గాలు చేపట్టింది. అందుకే మన సైన్యం గౌరవంగా తిరిగి రాగలిగింది.

సోవియట్ సైన్యం 1989 ఫిబ్రవరి 15న అఫ్గానిస్తాన్ వదిలింది. అక్కడ వాళ్ళ అండతో ఉన్న నజీబుల్లా ప్రభుత్వం వెంటనే కూలుతుందని అందరూ అనుకున్నారు. మాస్కో నుంచి డబ్బు, ఆయుధాలు, తిండిగింజలు వస్తున్నంత కాలం అది నిలబడింది. 1991 చివర ఆ సాయం ఆగింది, 1992 ఏప్రిల్‌లో ప్రభుత్వం పడిపోయింది. సైనికులు వెళ్ళిపోయినా వెనక సాయం ఉంటే మిత్రులు కొంతకాలం తట్టుకుంటారు.

అమెరికా 2020 ఫిబ్రవరి 29న దోహాలో తాలిబన్లతో ఒప్పందం చేసుకుంది. ఆ బల్ల దగ్గర అఫ్గాన్ ప్రభుత్వానికి చోటే లేదు. తమ గురించి తాము లేకుండా తేల్చేశారని తెలిశాక అఫ్గాన్ సైనికులు ఎవరి కోసం పోరాడాలి? విమానాల మరమ్మతులు చేసే విదేశీ కాంట్రాక్టర్లు కూడా వెళ్ళిపోవడంతో వాళ్ళ వైమానిక బలమూ కుంటుపడింది.

మాల్దీవుల అధ్యక్షుడు ముయిజ్జూ భారత సైనికులు వెళ్ళాలన్నప్పుడు మనం 2024 మే 10 గడువులోగా వాళ్ళను తీసుకొచ్చాం. వాళ్ళు నడిపే హెలికాప్టర్లను, రోగులను తరలించే విమానాన్ని వదిలెయ్యకుండా సైన్యేతర సాంకేతిక నిపుణులను అక్కడ పెట్టాం. చిన్న దేశం, చిన్న సంఖ్య. అయినా సేవ ఆగలేదు, సంబంధం చెడలేదు. 1990తో పోలిస్తే మనం నేర్చుకున్నట్టే.

మనం అడగవలసినవి

ఇది ముగిసిపోయిన చర్చ కాదు. ఐక్యరాజ్యసమితి జెండా కింద మన జవాన్లు ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో పనిచేస్తున్నారు. లెబనాన్‌లోని శాంతి దళం పనిని 2026 డిసెంబర్ 31తో ముగించాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో నిర్ణయించింది. ఆ దళంలో మనవాళ్ళూ ఉన్నారు.

విదేశానికి సైన్యాన్ని పంపేముందు పార్లమెంటు అనుమతి తీసుకోవాలన్న నిబంధన మన రాజ్యాంగంలో లేదు. కాబట్టి అడగాల్సిన బాధ్యత మన మీదే ఎక్కువ ఉంది. వెళ్ళే పని ఏమిటి? అది పూర్తయిందని ఎట్లా తెలుస్తుంది? అక్కడి ప్రజలు, ప్రభుత్వం ఇద్దరూ మనల్ని కోరుకుంటున్నారా? మనం వచ్చేశాక మనకు సాయం చేసినవాళ్ళను ఎవరు కాపాడతారు, తప్పనిసరైతే ఎక్కడ ఆశ్రయం ఇస్తాం? ఈ నాలుగింటికీ పంపేరోజే జవాబు ఉండాలి. జవాబు లేకపోతే పంపకూడదు.

వెనక్కి రావడం అవమానం కాదు. పిలిచినవాళ్ళు పొమ్మన్నప్పుడు, పని సాగనప్పుడు రావడమే వివేకం. నమ్మినవాళ్ళను దిక్కులేనివాళ్ళను చేసి రావడమే అవమానం. వనపర్తి అయినా, గద్వాల అయినా, నాగర్‌కర్నూల్ అయినా, ఓటు అడగడానికి వచ్చే ఎంపీ అభ్యర్థిని రోడ్డు గురించి, సాగునీటి గురించి అడిగినట్టే దీని గురించీ అడగండి. మిలిటరీలో కొడుకు ఉన్న ఇంటివాళ్ళు మరీ గట్టిగా అడగండి.