మా తాతయ్య పతకం వేసిన వేషం

ఒకానొక తెలుగు చిత్రంలో మా తాతయ్య పతకం నటించింది. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు, పారితోషికమూ ఇవ్వలేదు. ఆ చిత్రం పేరు, తీసినవారి పేరు ఎంత అడిగినా చెప్పను. ఎందుకంటే తప్పు సగం వాళ్లదైతే సగం నాది.

మాది కోనసీమలో చిన్న ఊరు. కొబ్బరితోటలూ కాలవగట్లూ ఉన్నాక షూటింగులకు కొదవేముంది? 2000లో ఒక యూనిట్ వచ్చి మా చెరువుగట్టున దిగింది. నేనప్పుడు ఏడో తరగతి. బడి ఎగ్గొట్టి అక్కడే కాపురం! మూడోరోజున దుస్తుల విభాగం కుర్రాడు ఒకడు నన్ను పిలిచి, "తమ్ముడూ, మీ ఊళ్లో మిలట్రీ చేసినవాళ్లెవరైనా ఉన్నారా? ఒక మెడల్ కావాలి. సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నాడు. హీరోయిన్ పక్కన నిలబెట్టి ఫోటో తీయిస్తానన్నాడు. ఇంక నేనాగుతానా!

మా ఊళ్లో మిలట్రీ అంటే ఒక్కడే, మా తాతయ్య. పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది చూడండి, మిలట్రీ మాధవరం అంటే తప్ప ఎవరికీ తెలీదు. అక్కడ తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో చేరతారు. ఊరే వాళ్లని గుర్తుపెట్టుకుంటుంది. మా ఊరు మాధవరం కాదు. మా తాతయ్యను "మిలట్రీ" అని పిలిచేవారంటే అందులో గౌరవం పావలా, వేళాకోళం ముప్పావలా.

ఆయన 1942లో, ఇరవయ్యో ఏట, బెంగుళూరు వెళ్లి మద్రాసు శాపర్స్‌లో చేరాడు. శాపర్స్ అంటే సైన్యానికి దారి వేసేవాళ్లు. రోడ్లు, వంతెనలు, మందుపాతరలు తియ్యడం, అన్నీ వాళ్ల పనే. "తుపాకీ పట్టింది తక్కువరా, పార పట్టింది ఎక్కువ" అనేవాడు. బర్మా పంపారు. వాన, జలగలు, మలేరియా. మలేరియా రాకుండా మెపాక్రిన్ మాత్రలు మింగించేవారట, వాటితో ఒళ్లంతా పసుపు పూసినట్టు పచ్చబడేదట. "పెళ్లికొడుకుల పటాలం" అని నవ్వేవాడు. చింద్విన్ నది మీద కలేవా దగ్గర 1944 డిసెంబరులో 1,154 అడుగుల బెయిలీ వంతెన వేశారు. ఆ రకం వంతెనల్లో ప్రపంచంలో అప్పటికి అదే పొడుగు. తాతయ్య దాని మీద నడిచాడు. "మన రాజమండ్రి హేవలాక్ వంతెన ముందు అదెంతరా! కానీ ఇది ఏళ్లు పట్టింది, అది రోజుల్లో లేచింది" అని చేతులు చాపి చూపించేవాడు.

1946లో ఇంటికి పంపేశారు. నాలుగేళ్ల సర్వీసుకు పింఛను రాదు. పైగా ఆయన చేసింది తెల్లవాడి కొలువు కదా! పక్కవీధి పెద్దాయన క్విట్ ఇండియాలో జైలుకెళ్లాడు, 1972లో ఆయనకు తామ్రపత్రం వచ్చింది. రావలసిందే, కాదనను. ఆ రోజు అరుగు మీద ఎవరో "మిలట్రీ, నీకేమీ లేదా?" అని గుచ్చారట. తాతయ్య "ఆయన జైలుకెళ్లాడు, నేను బర్మా వెళ్లాను. దోమలు మాత్రం ఇద్దరినీ కుట్టాయి" అన్నాడట. ఆ యుద్ధంలో మనవాళ్లు పాతిక లక్షల మంది పనిచేశారు. అందులో ఎంతమంది ఇలాంటి అరుగుల మీద నోరు మూసుకు కూర్చున్నారో!

ఆయనకు మిగిలింది కలరా ఉండల వాసనకొట్టే ట్రంకుపెట్టెలో ఒక బర్మా స్టార్. ఆరు కోణాల నక్షత్రం, వెనక నంబరూ, ఇంగ్లీషులో తప్పుగా చెక్కిన పేరూ. రిబ్బనుకి మధ్య ఎర్రచార, అటూ ఇటూ ముదురునీలంలో నారింజ గీత. దాన్నే నేను లాగూ జేబులో వేసుకుపోయి ఆ కుర్రాడి చేతిలో పెట్టాను.

సాయంత్రం ఇవ్వలేదు. మర్నాడూ ఇవ్వలేదు. మూడోనాడు చెరువుగట్టున టీ గ్లాసులు తప్ప ఏమీ లేవు. ఫోటో సంగతి అడక్కండి.

ఇంట్లో తెలిసింది. నాన్న బెల్టు తీశాడు, తాతయ్య అడ్డం వచ్చాడు. మరుసటి ఏడాది చిత్రం విడుదలైంది. తాతయ్య అడిగి మరీ నన్ను వెంటబెట్టుకుని టౌనుకు వెళ్లాడు. ఆయన సినిమా పిచ్చివాడేమీ కాదు. "జై జవాన్"లో నాగేశ్వరరావుగారిని చూసి "ఇంత ఇస్త్రీ బట్టలు మాకెక్కడివిరా" అన్న మనిషి. ఇంటర్వెల్ దాకా పతకం కనిపించలేదు. తర్వాత వచ్చింది. హాస్యనటుడు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వేషంలో, ఛాతీకి నక్షత్రం తగిలించుకుని గేదెకు సెల్యూట్ కొట్టాడు. హాలంతా ఈలలు! నేను సీట్లో కుంచించుకుపోయాను. తాతయ్య ముందుకు వంగి చూసి నెమ్మదిగా అన్నాడు:

"కుడిపక్కన పెట్టారేంట్రా? ఎడమపక్కన కదా ఉండాలి."

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు. 2006లో పోయాడు.

ఈ వృత్తిలోకి వచ్చాక హైదరాబాదులో అద్దెకు దుస్తులిచ్చే దుకాణాలు కొన్ని వెతికాను. ఒకచోట డబ్బాడు పతకాలు నా ముందు కుమ్మరించారు. అన్నీ రేకువే. ఇప్పటికీ తెర మీద ఏ పోలీసు కమిషనరు ఛాతీ మీద నక్షత్రం మెరిసినా నా చూపు రిబ్బను మీదికే పోతుంది. ఆస్ట్రేలియాలాంటి దేశాల్లో ఒక ఆచారం ఉందని ఈ మధ్యే చదివాను. అక్కడ ఏప్రిల్ 25న యాన్జాక్ దినం చేస్తారు. ఆ రోజు మనవలు తాతల పతకాలు పెట్టుకుని కవాతుకు వెళతారు. సంపాదించినవాడిది ఎడమవైపు, వారసుడిది కుడివైపు. నాకు కుడివైపు పెట్టుకునే హక్కుంది, పెట్టుకోవడానికి పతకం లేదు.

2015 అక్టోబరులో "కంచె" వచ్చింది. ఇటలీ యుద్ధరంగంలో తెలుగు సిపాయి కథ, క్రిష్ దర్శకత్వం, వరుణ్ తేజ్ కథానాయకుడు. యుద్ధం సీన్లు జార్జియాలో తీశారు, తర్వాత జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా నిలిచింది. ఎనభై నాలుగేళ్ల మామ్మను తీసుకెళ్లాను. ఆవిడ సినిమా హాల్లో అడుగుపెట్టి పదేళ్లయింది. బాంబులు పేలుతుంటే అదరలేదు, బెదరలేదు. కళ్లజోడు సర్దుకుంటూ తెరంతా వెతికింది. చివరికి నా చెవిలో, "అందరూ తుపాకులేనా? పార పట్టుకున్నవాడు ఒక్కడూ లేడేంట్రా?" అంది. వెనక సీటువాళ్లు ష్ ష్ అన్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆవిడకి ఒక సంగతి చెప్పాను. పింఛను లేని రెండో ప్రపంచయుద్ధం సిపాయిలకు, వాళ్ల భార్యలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా నెలనెలా సాయం ఇస్తారని, దానికి డిశ్చార్జి కాగితం కావాలని. "నాకిప్పుడు డబ్బెందుకురా" అంటుందనుకున్నాను. అనలేదు. "అయితే ఆయన మిలట్రీవాడని గవర్నమెంటు రాసి ఇస్తుందా?" అని అడిగింది. ఇస్తుందన్నాను.

లేచి వెళ్లి ట్రంకుపెట్టె తెరిచింది. పట్టుచీర మడతలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. అంచులు చీకిపోయాయి, మడతల దగ్గర వెలుతురు కనిపిస్తోంది. ఇచ్చినట్టే ఇచ్చి, ఒక కొస వదలకుండా పట్టుకుంది.

"జిరాక్సు తీయించుకుని తెచ్చెయ్యి నాన్నా. షూటింగుకి మాత్రం ఇవ్వకు."