కరక్కాయ వగరు, చర్మం పట్టు

ఖమ్మం నుంచి భద్రాచలం దారిలో కొత్తగూడెం, పాల్వంచ దాటితే అడవి రోడ్డుకు దగ్గరగా వస్తుంది. టేకు, మద్ది, ఇప్ప చెట్ల మధ్య కరక్కాయ చెట్టును పోల్చుకోవడం అలవాటున్న కళ్లకే సాధ్యం. చలికాలంలో కోయలు కాయలు ఏరి, ఎండబెట్టి, గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఎండిన కాయను కొరికితే నాలుక బిగుసుకుపోయేంత వగరు. ఆ వగరు టానిన్లది. కాయ బరువులో దాదాపు మూడో వంతు దాకా అవే ఉంటాయి. దగ్గొస్తే మనం బుగ్గన పెట్టుకునే ఈ కాయనే తోళ్లు పదును చేసేవాళ్లు తంగేడు చెక్కతో పాటు లందల్లో తరతరాలుగా వాడారు.

తోలులో టానిన్లు పట్టుకునేది కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను. వాటి పట్టు వల్లే తోలు కుళ్లదు. కొల్లాజెన్ మూడు పురులు పేనిన తాడులా ఉంటుంది. ప్రతి పురిలోనూ ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసిన్, ఎందుకంటే తాడు నడిమధ్యన అన్నిటికంటే చిన్నదైన దానికే చోటుంది. తాడు మందం ఒకటిన్నర నానోమీటరు, పొడవు 300 నానోమీటర్లు. ఈ అల్లికను 1954లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా బయటపెట్టారు. వాళ్లు ఎక్స్‌రేలతో పరీక్షించిన కంగారూ తోక స్నాయువు పక్కనే ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. 1958లో ఆ సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ తెనాలి ప్రాంతపు యలవర్రు బిడ్డ. రామచంద్రన్, ఆయన ఇద్దరూ 1922లోనే పుట్టారు. ఆ సంస్థ ఆడిటోరియానికి ‘ట్రిపుల్ హెలిక్స్’ (మూడు పురుల అల్లిక) అనే పేరు పెట్టారు.

అదే మూడు పురుల అల్లిక మన ఒంట్లో ఇంకా చిత్రమైన పని చేస్తోంది. పై చర్మంలోని అట్టడుగు కణాలను కింది పొరకు పట్టి ఉంచేవాటిలో పదిహేడో రకం కొల్లాజెన్ ముఖ్యమైనది. మామూలు కొల్లాజెన్ కణాల బయటే ఉంటుంది. ఇది మాత్రం ఒక కొస కణం లోపల ఉంచి, కణపొరను చీల్చుకుని, రెండో కొసను కింది పొరలోకి దింపుతుంది. ఒక్కో పురిలో 1,497 అమైనో ఆమ్లాలు. బయటి భాగంలో 15 చోట్ల పురులు పేనుకుంటాయి, మధ్య మధ్య వదులుగా ఉంటాయి. ఆ వదులు వల్లే చర్మం లాగినా, వంచినా ఈ ప్రొటీన్ తట్టుకుంటుందని నాకనిపిస్తుంది. దీని జన్యువు దెబ్బతిన్న పిల్లలకు కాస్త రాపిడికే పొక్కులు లేస్తాయి. ముసలితనంలో వచ్చే బుల్లస్ పెంఫిగాయిడ్ అనే జబ్బులో మన రోగనిరోధక శక్తే ఈ ప్రొటీన్ మీద, కణపొరకు ఆనుకుని ఉన్న భాగం మీద, దాడి చేస్తుంది.

కరక్కాయ చెట్లను చూడాలంటే చలికాలంలో రండి. రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అయినా అది ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం దాదాపు 40 కిలోమీటర్లు, బస్సులున్నాయి. అడవిలోకి వెళ్లేటప్పుడు ఊరివాళ్లను తోడు తీసుకోండి.

చివరిగా ఒక మాట. ఇంట్లో పెద్దవాళ్లకు రోజుల తరబడి దురద పుట్టి, తర్వాత బిగువైన నీటి పొక్కులు లేస్తే అది పైన చెప్పిన బుల్లస్ పెంఫిగాయిడ్ కావచ్చు, పసరు పూసి ఊరుకోకండి. వెంటనే చర్మవైద్యుడికి చూపించండి, దానికి మందులున్నాయి.