సెకండ్ హ్యాండ్ కన్వర్టిబుల్ కొనాలనుకుంటున్నారా? ఇంజిన్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి

పుదుచ్చేరి పట్టణం నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెన్నై వైపు పది కిలోమీటర్లు దాటితే కాలాపేట వస్తుంది. పుదుచ్చేరి యూనివర్సిటీ ఉన్న ఊరు. సముద్రం కూతవేటు దూరంలో ఉంటుంది.

ఇక్కడ అమ్మకానికి ఉన్న ఓ పాత బీఎండబ్ల్యూ జెడ్4 చూడ్డానికి హైదరాబాద్ నుంచి నా మిత్రుడొకరు వచ్చారు. ఆయనకు తమిళం రాదు. మాట సాయానికి నేను వెళ్లాను.

ఎర్ర రంగు, రెండే సీట్లు. బటన్ నొక్కితే పైకప్పు ముడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోయింది. కొత్తగా కొన్నప్పటి ధరలో మూడో వంతుకే ఇస్తామన్నారు. మా వాడు అడ్వాన్స్ పంపడానికి ఫోన్ తీశాడు.

మాతో వచ్చిన స్థానిక మెకానిక్ మాత్రం బానెట్ కూడా తెరవలేదు. డ్రైవర్ సీటు వెనక కార్పెట్ మీద అరచేయి పెట్టి గట్టిగా నొక్కాడు. చేయి తడిగా వచ్చింది.

"ఆర్‌సీ చూపించండి సార్" అన్నాడు ఆ తర్వాత.

పాత కన్వర్టిబుల్ విషయంలో కొనేవారిని ముంచేవి ప్రధానంగా ఈ రెండే. ఒకటి నీళ్లు, రెండోది కాగితాలు. ఇంజిన్ సంగతి ఆ తర్వాత.

భారత్‌లో ఏ కార్లు దొరుకుతాయి?

ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5. 1989లో వచ్చింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. విదేశాల్లో సొంతంగా రిపేర్లు చేసుకునేవారికి ఇష్టమైన కారు ఇదే. కానీ మాజ్డా దీన్ని భారత్‌లో అధికారికంగా అమ్మలేదు.

అక్కడ ఒకటి కొని ఇక్కడికి తెచ్చుకోవచ్చు కదా అనిపించొచ్చు. అంత తేలిక కాదు. దిగుమతి చేసుకునే సెకండ్ హ్యాండ్ కారు మూడేళ్లకు మించి పాతదై ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. పైగా సుంకమే కారు విలువను మించిపోతుంది.

అందుకే మన మార్కెట్లో కనిపించేవి ఎక్కువగా ఇవే: మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే, బీఎండబ్ల్యూ జెడ్4, మినీ కన్వర్టిబుల్, ఆడి ఏ3 క్యాబ్రియోలే, కాస్త పెద్ద బడ్జెట్ ఉంటే పోర్షే బాక్‌స్టర్.

స్వదేశీ ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. 1990ల చివర్లో గోవాలో శాన్ మోటార్స్ సంస్థ 'శాన్ స్టార్మ్' అనే రెండు సీట్ల కన్వర్టిబుల్‌ను తయారుచేసింది. ఫైబర్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజిన్. బాడీ తుప్పు పట్టదు కానీ, ఇప్పుడు దానికి విడిభాగాలు వెతకడమే పెద్ద పని.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

కన్వర్టిబుల్ కప్పులు రెండు రకాలు. మినీ, ఏ3 క్యాబ్రియోలేలకు మందపాటి గుడ్డ కప్పు ఉంటుంది. ఎస్‌ఎల్‌కేకు, 2009 నుంచి 2016 వరకు వచ్చిన జెడ్4కు లోహపు కప్పు మడతపడి డిక్కీలోకి వెళ్తుంది.

రెండింటిలోనూ సూత్రం ఒకటే. కప్పు మీద పడిన నీళ్లలో కొన్ని అంచుల నుంచి లోపలి కాలువల్లోకి చేరతాయి. అక్కడి నుంచి సన్నటి గొట్టాల ద్వారా కారు కిందికి పోతాయి. అంటే ఈ కార్లలోకి నీళ్లు కొంత రావడం లోపం కాదు. వచ్చిన నీళ్లు బయటికి పోకపోవడమే లోపం.

ఆకులు, దుమ్ము, ఇసుక ఆ గొట్టాలను మూసేస్తాయి. అప్పుడు నీళ్లు సీట్ల కిందికి, డిక్కీ అడుగుకు చేరతాయి. చాలా కార్లలో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు, వైర్ల కనెక్టర్లు ఉండేది అక్కడే.

2002లో వచ్చిన మొదటి తరం జెడ్4లో కప్పును నడిపే మోటారు ఈ నీళ్లు దిగే చోటే ఉంటుంది. డ్రెయిన్ మూసుకుపోతే మోటారు మునిగి పాడవుతుంది. నిమిషాల్లో శుభ్రం చేయగలిగే ఒక రంధ్రాన్ని వదిలేసినందుకు భారీ బిల్లు కట్టిన యజమానులు ప్రపంచమంతటా ఉన్నారు.

కొనేముందు ఏం చేయాలి? కప్పు మూసి, మామూలు పైపుతో పది నిమిషాలు నీళ్లు పోయండి. ప్రెషర్ వాషర్ వద్దు. చక్రాల వెనక నుంచి నీళ్లు ధారగా కిందికి వస్తున్నాయేమో చూడండి. తర్వాత నాలుగు మూలలా కార్పెట్ నొక్కండి, డిక్కీ అడుగు పలకను ఎత్తండి. అద్దాలు మూసి ఉన్న కారులో కూర్చుని వాసన చూడండి. ముక్కవాసన వస్తే అది ఒక్క వానతో వచ్చింది కాదు.

కప్పును కనీసం మూడుసార్లు తెరిచి మూయించండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, చల్లారాక ఒకసారి. మధ్యలో ఆగినా, ఒక పక్క వెనకబడినా హైడ్రాలిక్ పంపు లేదా సిలిండర్ల నుంచి నూనె కారుతోందేమో చూడాలి.

ఒక చిన్న విషయం. లోహపు కప్పు ఉన్న కార్లలో డిక్కీలో సామాను హద్దుగా ఒక తెర ఉంటుంది. దాన్ని సరిగా లాగి బిగించకపోతే కప్పు కదలదు. 'రూఫ్ పనిచేయడం లేదు' అంటూ తక్కువ ధరకు అమ్మేవాటిలో కొన్నిసార్లు లోపం ఇంతే ఉంటుంది. అది నిజమో కాదో మీరే పరీక్షించి తేల్చుకోవాలి తప్ప, అమ్మేవారి మాట మీద కాదు.

వరదలో మునిగిన కారని ఎలా గుర్తించాలి?

2024 నవంబరు 30న ఫెంజల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటింది. పట్టణంలో ఒకే రోజు 45 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతకు మూడు నెలల ముందే బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2015లోనూ, 2023లోనూ డిసెంబరు నెలల్లో చెన్నై మునిగింది.

ఆ నీళ్లలో నిలిచిన కార్లు ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు వెళ్లాయి. కొన్ని శుభ్రపడి, పాలిష్ పట్టించుకుని మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. స్పోర్ట్స్ కార్లు నేలకు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి వేరే కార్లకు చక్రాల ఎత్తు నీళ్లు వీటికి సీట్ల దాకా వస్తాయి.

సీటు బెల్టును చివరిదాకా లాగండి. సాధారణంగా లోపలే చుట్టుకుని ఉండే ఆ భాగం మీద బురద చార ఉంటే అనుమానించాలి. సీటు పట్టాల మీద తుప్పు, ఫ్యూజ్ బాక్సులో మట్టి, హెడ్‌లైట్ లోపల ఆవిరి కూడా అలాంటి గుర్తులే.

తీరంలో ఇంకో శత్రువు ఉప్పుగాలి. కారును లిఫ్ట్ మీద ఎక్కించి బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ బోల్టులు, కిందనుండే వైరింగ్ కనెక్టర్లు చూడండి. పైన పెయింట్ తళతళలాడుతూ, కింద బోల్టులన్నీ పొరలుగా రాలుతుంటే ఆ కారు సముద్రం పక్కన ఆరుబయట ఉందని అర్థం.

'తక్కువ తిరిగిన కారు' మంచిదేనా?

పదేళ్లలో 15 వేల కిలోమీటర్లే తిరిగిందంటే సంతోషపడక్కర్లేదు. నిలబెట్టిన కారులో రబ్బరు ఎండుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది, బ్యాటరీ చచ్చిపోతుంది.

టైరు పక్కన ఉండే నాలుగు అంకెలు చదవండి. 3516 అంటే 2016వ సంవత్సరంలో 35వ వారంలో తయారైందని. గీతలు కొత్తగా ఉన్నా ఆ టైరును మార్చాల్సిందే.

పెట్రోలు సంగతి కూడా ఉంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పదేళ్లు దాటిన చాలా కార్లను అంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని రూపొందించలేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అందుకే నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచడం మంచిది కాదు. ఇంధన గొట్టాలను ఏటా చూసుకోవాలి.

మోడల్‌ను బట్టి తెలిసిన జబ్బులు కొన్ని ఉంటాయి. ట్విన్ టర్బో ఎన్54 ఇంజిన్ ఉన్న బీఎండబ్ల్యూల్లో హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు సమస్య వల్ల 2010లో ఆ సంస్థ అమెరికాలో రీకాల్ ప్రకటించింది. జెడ్4 35ఐ కూడా అందులో ఉంది. మీరు చూస్తున్న కారుకు ఆ పంపు మార్చారా లేదా అన్నది బిల్లు చూసి తెలుసుకోండి.

పీవై నంబరు కారు చౌకగా ఎందుకు దొరుకుతుంది?

పుదుచ్చేరిలో వాహన పన్ను పొరుగు రాష్ట్రాల కంటే చాలా తక్కువ. అందుకే దేశంలోని ఖరీదైన కార్లు ఎన్నో పీవై నంబరుతో కనిపిస్తాయి. పుదుచ్చేరిది పీవై-01, కారైకల్‌ది 02, మాహేది 03. తెలుగువారికి బాగా తెలిసింది పీవై-04. అది యానాం నంబరు.

పుదుచ్చేరిలో ఉంటూ ఇక్కడే తిప్పుకునేవారికి ఏ ఇబ్బందీ లేదు. అక్కడ నివాసం లేకుండా చిరునామా మాత్రమే చూపించి రిజిస్టర్ చేయించినప్పుడే చిక్కు. 2017లో కేరళలో సినీ ప్రముఖుల కార్ల విషయంలో ఇదే ఆరోపణతో కేసులు నమోదయ్యాయి.

కొనేవారు గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. ఈ గడువు నంబరుకే. పన్ను ఎప్పుడు కట్టాలన్న విషయంలో ప్రతి రాష్ట్రానికీ సొంత నిబంధనలు ఉంటాయి.

అసలు దెబ్బ ఇక్కడే. లైఫ్ ట్యాక్స్‌ను లెక్కగట్టేది సాధారణంగా మీరు కొన్న ధర మీద కాదు. కారు కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి తగ్గే శాతంతో లెక్కిస్తారు.

ఉదాహరణకు, 70 లక్షల ఇన్‌వాయిస్ ఉన్న కారును మీరు 22 లక్షలకు కొన్నారనుకుందాం. దాని వయసుకు వర్తించే పన్ను 8 శాతం అనుకుంటే, కట్టాల్సింది 22 లక్షల మీద 1.76 లక్షలు కాదు, 70 లక్షల మీద 5.6 లక్షలు. బేరం ఆడేముందే మీ రవాణా శాఖ కార్యాలయంలో ఆ కారు ఇన్‌వాయిస్ చూపించి లెక్క అడగండి.

కాగితాల వరుస ఇలా ఉంటుంది. పాత రిజిస్ట్రేషన్ కార్యాలయం నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ, యాజమాన్య మార్పిడికి ఫారం 29, 30, కొత్త నంబరుకు ఫారం 27. రుణం ఉండి తీరిపోతే దాని తొలగింపుకు ఫారం 35. కారు మీద రుణం ఉందా, అమ్మే వ్యక్తి ఎన్నో యజమాని అన్న వివరాలు పరివాహన్ పోర్టల్లో చూడొచ్చు. చలాన్లు కూడా చూసుకోండి.

కారుకు 15 ఏళ్లు దగ్గరపడుతుంటే ఇంకో లెక్క. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన మామూలు కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుము 5,000 రూపాయలు. దిగుమతి చేసుకున్న కారుకైతే 40,000.

బీమాను 14 రోజుల్లోగా మీ పేరుకు మార్చుకోండి. థర్డ్ పార్టీ రక్షణ వాహనంతోపాటు వస్తుంది కానీ, సొంత కారుకు జరిగే నష్టానికి పరిహారం దానంతట అది మీకు బదిలీ కాదు. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు.

ఇంట్లో ఏ పనులు చేసుకోవచ్చు?

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, స్పార్క్ ప్లగ్‌లు, డ్రెయిన్ల శుభ్రం, రబ్బరు సీళ్ల సంరక్షణ ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోగలరు. పానాల సెట్టు, టార్క్ రెంచి, ఒక ఓబీడీ స్కానర్, రెండు జాకీ స్టాండ్లు చాలు.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. స్టాండ్లు పెట్టాకే పని.

ఆయిల్ కొనేటప్పుడు సీసా మీద బ్రాండు పేరు కాదు, మీ కారు మాన్యువల్లో రాసిన ప్రమాణం నంబరు చూడండి. విడిభాగాలను 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో వెతికితే తప్పు భాగం వచ్చే ప్రమాదం తగ్గుతుంది. బీఎండబ్ల్యూల్లో బ్యాటరీ మార్చాక ఆ విషయాన్ని స్కానర్‌తో కారు కంప్యూటరులో నమోదు చేయాలి.

నెలకోసారి డ్రెయిన్లలో మెత్తటి నైలాన్ తీగ పోనివ్వండి. ఇనుప తీగతో పొడిస్తే లోపలి గొట్టం ఊడిపోతుంది. మూడు నెలలకోసారి సీళ్లను తుడిచి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది. తడిసిన గుడ్డ కప్పును ఆరకుండా మడవకండి, బూజు పడుతుంది. తీరంలో ఉంటే వారానికోసారి కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగండి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చండి.

ముట్టుకోకూడనివీ ఉన్నాయి. ఎయిర్‌బ్యాగులు, సీట్ల వెనక బోల్తా రక్షణ కడ్డీలు, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు నిపుణులకే వదిలేయాలి. కప్పు సగంలో ఆగిపోతే మధ్యలో చేయి పెట్టకండి. హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గాక అది ఉన్నట్టుండి కిందికి పడొచ్చు.

చివరికి ఏమైంది?

కాలాపేట కారు ఆర్‌సీలో ఉన్న పేరు అమ్ముతున్న వ్యక్తిది కాదు. ఆయన కొన్నారు కానీ తన పేరుకు మార్పించుకోలేదు. తొలి యజమాని ఎక్కడున్నారో తెలియదన్నారు. ఆయన సంతకం లేకుండా ఎన్‌ఓసీ సంగతి ముందుకు కదలదు.

మా వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మెకానిక్‌కు ఇచ్చిన రెండు వేలు, రానుపోను ఖర్చులే ఆయనకు అయిన నష్టం.

ఏడు నెలల తర్వాత హైదరాబాద్‌లోనే ఒక మినీ కన్వర్టిబుల్ కొన్నాడు. తొలి యజమాని, తెలంగాణ నంబరు, ప్రతి సర్వీసుకూ బిల్లు ఉన్న కారు. కాలాపేటలో అడిగిన దానికంటే వేగం తక్కువ, రంగు కూడా ఆయన కోరుకున్నది కాదు. మొన్న వాన పడిన రోజు నాకు ఫోన్ చేశాడు. కార్పెట్ నొక్కి చూశానని, పొడిగా ఉందని చెప్పాడు.