చెప్పుట వేరు, చెప్పుకొనుట వేరు

మన బరంపురంలో క్రైస్తవుల ఇళ్ళలో సాయంకాల ప్రార్థన విన్నవారికి ఒక సంగతి తట్టే ఉంటుంది. మామగారిని "మీరు" అనే కోడలు, భర్త పేరు పలకడానికే జంకే ఇల్లాలు, యేసు దగ్గరికి వచ్చేసరికి "నీవు" అంటుంది. "నీకు తెలియనిదా, తండ్రీ" అని చనువుగా అడుగుతుంది. అది అమర్యాద కాదు. భద్రాద్రి రాముణ్ణి నిలదీసిన రామదాసు కూడా ఏకవచనంలోనే పిలిచాడు. మన ఇరుగుపొరుగు ఒడియావారు జగన్నాథుణ్ణి "కాళియా" అని ముద్దుగా పిలుచుకుంటారు గదా!

అయితే యేసును స్నేహితుడనడానికి మరో ఆధారం కూడా ఉంది. యోహాను సువార్త 15వ అధ్యాయంలో ఆయనే శిష్యులను ఇకమీదట దాసులనక స్నేహితులన్నాడు. యజమాని మనసులో ఏముందో దాసునికి తెలియదు. స్నేహితుల మధ్య దాపరికం లేదు.

ఆ స్నేహానికి గట్టి వెల చెల్లించినవారు ఈ గంజాం గడ్డమీదనే ఉన్నారు. 1827లో బరంపురంలో బాప్తిస్మం పొందిన ఒక తెలుగు నేతగాడు మిషనరీల రాతల్లో ఎరున్ అనే పేరుతో కనిపిస్తాడు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. (పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలోనిదే. 1992లో గజపతి జిల్లాకు చేరింది.) ఆ రోజుల్లో అటువంటి పని చేస్తే పంక్తిభోజనం మొదలు పెళ్ళి సంబంధాలదాకా అన్నీ తెగిపోయేవి. 1890లో కన్నుమూసేలోగా చౌదరిగారు తెలుగులో నూటికి పైగా కీర్తనలు కట్టారు. మన రాగాలు, మన తాళాలు. పలు కీర్తనల్లో ఆయన యేసును ఎదురుగా నిలుపుకొని మాట్లాడతారు. అయినవాళ్ళు దూరమైన మనిషి రాత్రిపూట ఎవరితో మాట్లాడతాడు? స్నేహితుడనే మాట అక్కడ అలంకారానికి పడలేదని నా నమ్మకం.

చెప్పుట వేరు, చెప్పుకొనుట వేరు. కొందరు పెద్దలు కళ్ళు మూసుకొని దేవునికే ప్రసంగం చేస్తారు. సంఘంలో నలుగురి మధ్య అది ఒప్పుతుందేమో గాని, సూరత్‌లో మిల్లు పనికి వెళ్ళిన కొడుకు పది రోజులుగా ఫోను చేయకపోతే తల్లికి ఆ భాష ఎందుకు పనికివస్తుంది? పట్టునూలు ధర పెరిగింది, మగ్గం ఆగింది, ఆడపడుచుతో మాటా మాటా వచ్చింది. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవలసినవే. ఆడపడుచు విషయంలో తన తప్పు ఎంతో కూడా చెప్పుకోవాలి. అదే కష్టం.

చనువుకూ ఒక హద్దుంది. అప్పు అడగడానికి మాత్రమే వచ్చే స్నేహితుణ్ణి మనం గుమ్మంలోనే గుర్తుపడతాం. ఏమీ అడగకుండా కాసేపు కూర్చొని వెళ్ళడం స్నేహంలో భాగం కాదా?

మన పిల్లలు ఒడియా బడుల్లో, ఇంగ్లీషు బడుల్లో చదువుతున్నారు. ప్రార్థనను పద్యంలా వల్లించి ఆటకు పరుగెత్తుతారు. తెలుగులోనే చెయ్యమని వారిని బెదిరించనక్కరలేదు. ఏ భాషలో అలుగుతారో ఆ భాషలోనే చెప్పుకోనివ్వండి. మా వీధిలో ఒక చిన్నపిల్ల లెక్కల పరీక్ష తప్పి, "నాన్నకు నువ్వే చెప్పు, యేసయ్యా. నాకు భయంగా ఉంది" అని సగం తెలుగు, సగం ఒడియాలో ప్రార్థించిందట. వంటింట్లోంచి తల్లి వింది. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆవిడే భర్తతో మెల్లగా చెప్పింది.