ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధం కావడం: మనసులో జరిగే అనువాదాన్ని తగ్గించుకోవడం

విదేశంలో చదవాలనుకునే మీలో చాలామంది ఐఈఎల్‌టీఎస్ అనగానే ముందుగా కొనేది పదాల జాబితా ఉన్న పుస్తకం. రోజుకు యాభై మాటలు బట్టీ పడతారు. పరీక్ష రుసుము వేలల్లో కట్టి రాశాక అనుకున్న బ్యాండు రాకపోతే 'నాకు ఇంగ్లీషు రాదు' అని దిగాలు పడతారు. నా అనుభవంలో తెలుగు మాధ్యమంలో చదివినవారికి అడ్డుపడేది మాటల కొరత ఒక్కటే కాదు. విన్న వాక్యాన్ని మనసులో తెలుగులోకి మార్చుకుని, జవాబును తెలుగులో ఆలోచించి, మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పుతారు. ఆ రానుపోను ప్రయాణానికి పట్టే సమయాన్ని ఈ పరీక్ష ఇవ్వదు. ఆ ప్రయాణాన్ని ఎలా తగ్గించుకోవచ్చో ఈ పాఠంలో చూద్దాం.

పరీక్ష స్వరూపం

ఈ పరీక్ష 1989 నుంచి అమలులో ఉంది. ఇందులో అకడమిక్, జనరల్ ట్రైనింగ్ అని రెండు రకాలున్నాయి. విశ్వవిద్యాలయంలో డిగ్రీ, పీజీ చదువులకు సాధారణంగా అడిగేది అకడమిక్. దరఖాస్తులోనే సరైన రకాన్ని ఎంచుకోండి. ఇందులో ఉత్తీర్ణత, అనుత్తీర్ణత ఉండవు. 0 నుంచి 9 వరకు బ్యాండు ఇస్తారు. నాలుగు విభాగాల సగటును దగ్గరి అర బ్యాండుకు సవరిస్తారు. ఉదాహరణకు వినడంలో 6.5, చదవడంలో 7, రాయడంలో 5, మాట్లాడటంలో 6.5 వస్తే సగటు 6.25, దాన్ని 6.5గా చూపుతారు. చూడటానికి బాగానే ఉంది. కానీ మీరు కోరుకున్న విశ్వవిద్యాలయం ప్రతి విభాగంలోనూ కనీసం 6 అడిగితే ఆ 6.5 అక్కరకు రాదు. అందుచేత చదువు మొదలుపెట్టకముందే మీ కోర్సుకు విభాగాల వారీగా ఎంత కావాలో రాసి పెట్టుకోండి. ఫలితం సాధారణంగా రెండేళ్ళే చెల్లుతుంది కనుక మరీ తొందరపడి రాయడమూ మంచిది కాదు.

వినడం

సుమారు 30 నిమిషాలు, 40 ప్రశ్నలు. రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. ఇక్కడ మన భాషా స్వభావం ఒకటి గమనించాలి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. వెళతాడా, వెళ్ళడా అన్నది ఆఖరి మాటలో తేలుతుంది. కాబట్టి వాక్యం పూర్తయ్యే దాకా ఆగి అర్థం చేసుకోవడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. ఇంగ్లీషులో క్రియ, 'కాదు' అనే మాట వాక్యం మొదటి భాగంలోనే వచ్చి వెళ్ళిపోతాయి. మీరు చివరిదాకా ఆగి, వాక్యాన్ని తిరగేసి తెలుగు చేసుకునేలోగా తరవాతి వాక్యం సగం అయిపోతుంది. పైగా వక్త ముందు మంగళవారం అని, వెంటనే సవరించుకుని బుధవారం అంటాడు. మొదట విన్నదాన్ని పట్టుకున్నవారు అక్కడ మార్కు పోగొట్టుకుంటారు. అందుకే రికార్డింగు మొదలుకాకముందు ఇచ్చే కొద్ది క్షణాల్లో ప్రశ్నలు చదివి, ఖాళీలో రావలసింది అంకెా, పేరా, రోజా అని ఊహించుకోండి.

చదవడం

60 నిమిషాల్లో మూడు భాగాలు, 40 ప్రశ్నలు. మనవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' ప్రశ్న. నాగార్జునసాగర్ ఆనకట్టను రాతితో కట్టారని మాత్రమే పాఠ్యభాగంలో ఉందనుకోండి. ఆ జలాశయం నీరు రెండు రాష్ట్రాల పొలాలకు అందుతుందా అని ప్రశ్న వస్తే, అది నిజమని తెలిసిన మనం 'ట్రూ' అంటాం. సరైన జవాబు 'నాట్ గివెన్'. మీకు తెలిసిన సంగతిని కాదు, అక్కడ రాసి ఉన్నదాన్నే అడుగుతున్నారు.

రాయడం

గంట సమయంలో రెండు అంశాలు: మొదటిది కనీసం 150 మాటలు, రెండోది కనీసం 250. రెండోదానికి రెట్టింపు విలువ ఉంటుంది కనుక దానికి 40 నిమిషాలు కేటాయించండి. ఒక విద్యార్థి పర్యావరణంపై చక్కటి వ్యాసం కంఠస్థం చేసి వచ్చాడు. నేనిచ్చిన ప్రశ్న నగరాల్లో బస్సు ప్రయాణం ఉచితం చేయాలా అన్నది. బస్సు రెండో పేరాలో వస్తుందేమోనని చూశాను. రాలేదు, ఓజోన్ పొరే వచ్చింది. బట్టీ పట్టిన జవాబులను పరీక్షకులు సులభంగా గుర్తిస్తారు.

'లేచి, స్నానం చేసి, తిని, బస్సెక్కాడు' అని అసమాపక క్రియలతో వాక్యాన్ని పొడిగించడం తెలుగుకు అందం. దాన్నే ఇంగ్లీషులోకి దించితే వాక్యం తడబడుతుంది. ఒక్కో పనికి ఒక్కో చిన్న వాక్యం రాయండి. తెలుగులో లేని 'ఎ, ఆన్, ద'లను చివర ఒకసారి ప్రత్యేకంగా సరిచూసుకోండి.

మాట్లాడటం

పరీక్షకుడితో 11 నుంచి 14 నిమిషాల సంభాషణ. రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆ ఒక్క నిమిషంలో పూర్తి వాక్యాలు రాసుకోకండి. నాలుగు మాటలు చాలు. విదేశీ యాసను అనుకరించనక్కరలేదు, అర్థమయ్యేలా పలికితే చాలు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కనుక బస్‌ను బస్సు, కార్‌ను కారు అంటాం. మన సంభాషణలో అది తప్పు కాదు, అక్కడ మాత్రం తగ్గించుకోవాలి. అలాగే ఇంగ్లీషులో ఒత్తి పలికే చోటు మారుతుంది: 'ఫొటోగ్రాఫ్'లో మొదటి భాగాన్ని, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగాన్ని ఒత్తి పలుకుతారు.

అభ్యాసం

ఫోన్లో ఇంగ్లీషు వార్తలు రెండు నిమిషాలు వినండి. ఆపి, విన్నదాన్ని తెలుగు చేసుకోకుండా మూడు చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో చెప్పి రికార్డు చేయండి. మాట గుర్తురాకపోతే తెలుగు మాట వెతక్కుండా, తెలిసిన ఇంగ్లీషు మాటలతోనే ఆ వస్తువును వర్ణించండి. మర్నాడు ఆ రికార్డింగు విని, ఎక్కడెక్కడ ఆగారో కాగితం మీద గుర్తు పెట్టండి. మూడు వారాల పాటు రోజూ ఇలా చేసి, మొదటి రోజు కాగితాన్నీ చివరి రోజు కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ మీ సంపర్క తరగతికి తీసుకురండి.