హాజరు పట్టీలో పుట్టిన నేరం

నెల్లూరు తీరపు ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద మెట్ట గ్రామాలకు మోసుకుపోయి ధాన్యానికి మార్చుకున్న సంచార వర్తకులలో ఎరుకలవారు ముఖ్యులు. 1805లో మద్రాసు ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. తరువాత రైలు వచ్చి సరుకు రవాణాను లాగేసుకుంది. అటవీ చట్టాలు వెదురుకూ పశువుల మేతకూ అడ్డు నిలిచాయి. బతుకుదెరువును తీసేసిన రాజ్యమే, పని వెతుక్కుంటూ తిరిగే ఆ మనుషులను అనుమానితులను చేసింది.

ఆ అనుమానం మెట్టు మెట్టుగా చట్టమైంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం తొలుత ఉత్తర భారతానికే పరిమితం. 1876లో బెంగాలుకు విస్తరించింది. 1897 సవరణ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం ఇచ్చింది. 1911లో మద్రాసుతో సహా దేశమంతటికీ వర్తించింది. వేలిముద్రలు వచ్చి చేరాయి. 1924లో అన్నింటినీ ఒకే చట్టంగా కూర్చారు. ఒక జాతిని నేరస్థ జాతిగా ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ న్యాయస్థానమూ ప్రశ్నించరాదన్న నిబంధన మాత్రం మొదటినుంచీ ఉంది.

ఇంత అధికారం పెరుగుతున్నా సమాజం ఎందుకు నమ్మింది? దెబ్బ తగిలినది భూమి లేని, చదువు లేని కులాలకు. ఊరి ఆసాములకు దక్కినది భద్రత. పైగా ప్రభుత్వం దానికి ‘సంస్కరణ’ అని పేరు పెట్టింది. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనుకు, స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. అక్కడ బడి ఉంది, మందు ఉంది, పని ఉంది. వాటితో పాటే హాజరు పట్టీ, పొలిమేర దాటడానికి పాసు కూడా ఉన్నాయి. ఆ మేలు అబద్ధం కాదు. అధికారాన్ని ప్రశ్నకు అందకుండా చేసినది ఆ మేలే.

నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు యానాదుల పక్షాన నిలిచి ఈ చట్టంతో పోరాడారు. 1947లో మద్రాసు రాష్ట్రం దీనిని రద్దుచేసింది. అనంతశయనం అయ్యంగార్ కమిటీ నివేదిక తరువాత 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. కానీ రద్దు వెనుకే అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి; ఆంధ్రప్రదేశ్‌లో అది 1962 చట్టం. చట్టంలో జాతి పేరు పోయింది గానీ, పోలీసుల చూపులో పోలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలోని కులం గడిని తొలగించాలని ఆదేశించవలసి వచ్చిందంటే, ఆ గడి అప్పటిదాకా బతికే ఉందన్నమాట.

కనుక ప్రభుత్వం భద్రత పేరిటో, సంక్షేమం పేరిటో కొత్త అధికారం కోరినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఇది మొదట ఎవరి మీద అమలవుతుంది? వారు దానిని ఏ కోర్టులో సవాలు చేయగలరు? ఇది ఏ తేదీన ముగుస్తుంది? 1911లో మద్రాసు రాజధానిలో ఓటూ పలుకుబడీ ఉన్నవారు ఈ ప్రశ్నలు గట్టిగా అడిగి నిలబడి ఉంటే, కావలిలో తెల్లవారితే హాజరు పలకవలసిన తరం ఒకటి పుట్టేది కాదు. మన ఇంటి గడప దాటి పోతున్న అధికారం పక్కవాడి కోసమే వచ్చిందనుకోవడం నమ్మకం కాదు, కుల సమాజం మనకు నేర్పిన ఉదాసీనత.